తెర పీక పట్టుకున్నదెవరు

నన్ను పిలిచారంటే యంత్రం పాడైందని కాదు, ఎవరిమీదో అనుమానం పుట్టిందని అర్థం. యంత్రం పాడైతే దాన్ని అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తారు. మనిషి పాడయ్యాడనుకుంటే స్ఫాక్స్ నగరం నుంచి రఫీకాను రప్పిస్తారు. చాలా ఏళ్లుగా ఇదే నా బతుకు. నాకూ ఆ జబ్బు అంటుకుంది. ఎవరైనా నవ్వుతూ టీ ఇస్తే, ఎందుకిస్తున్నాడా అని ఒకసారి మొహం చూసి గానీ తాగను.

రాస్ ముర్జాన్ రేవు కాపలా గదిలో ఆ రోజు నాకు టీ ఇచ్చినవాడు మొంజి. ఆ గదికి పెద్ద ఆయనే. బాదం పలుకులు తేలుతున్న గ్లాసు నా చేతికిచ్చి, తలుపు దగ్గరికి వేసి, కుర్చీ నా వైపు లాక్కున్నాడు.

“అమ్మా రఫీకా, మా తెర చచ్చిపోతోంది. ఉన్నట్టుండి నల్లబడిపోతుంది. మౌస్ కదిపినా, మీటలు నొక్కినా ఉలకదు పలకదు. కంప్యూటర్ మొత్తం ఆపి మళ్లీ వేస్తే తప్ప రాదు.”

“ఎప్పుడెప్పుడు, సీ మొంజి?” అన్నాను. ‘సీ’ అంటే మా దగ్గర ‘గారు’.

“అదే కదా చెప్పబోయేది! లస్సాద్ కూర్చున్నప్పుడే. పొద్దున నౌఫల్ కూర్చుంటే నిక్షేపంలా ఉంటుంది. రాత్రి వాళ్లు కూర్చున్నా అంతే. మధ్యాహ్నం ఆ పెద్దమనిషి కుర్చీ ఎక్కాడా, అయిపోయింది.”

“పెద్దాయన కదా, తెలియక ఏదో నొక్కుతున్నాడేమో.”

“తెలియక కాదమ్మా, తెలిసే!” అన్నాడు మొంజి. “కిందటి నెలలో ఒక మధ్యాహ్నం మా కళ్లముందునుంచే ఒక పడవ వెళ్లిపోయింది. నిండా కుర్రాళ్లు, దొంగచాటుగా ఇటలీ వైపు. ఆ పూట నేను గదిలోకి వచ్చేసరికి తెర చీకటి, కుర్చీ ఖాళీ. ఈయన వరండాలోంచి పరిగెత్తుకొచ్చి మౌస్ కదిపాడు, ఠక్కున వెలిగింది. నేను రాకపోతే వెలిగేదా? ఆ తర్వాత నుంచి ఇంకా తెగించాడు. ఇప్పుడు కదిపినా వెలగడం లేదు.”

మర్నాడు పొద్దున్నే రాజధాని ట్యూనిస్ నుంచి విచారణాధికారి వస్తున్నాడు. తెరను ఎవరో కావాలని ఆపుతున్నారని నేను రాసిస్తే లస్సాద్‌ను అట్నుంచి అటే పోలీసులకు అప్పగిస్తారు. లేదంటే ఆయన ఉద్యోగం ఆయనకుంటుంది. నా మాట మీద ఒక మనిషి జైలు ఉంది. మొంజి మాత్రం ఆ మాట ఏదో కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పాడు.

“నేనెందుకొచ్చానో ఆయనకి తెలుసా?”

“కొత్త తీగ వెయ్యడానికని చెప్పాను. నువ్వూ అదే చెప్పు.”

మధ్యాహ్నం మనుషులు మారే వేళకి నేను కాపలా గదిలోకి వెళ్లాను. మూడు వైపులా అద్దాలు, ఎదురుగా సముద్రం, మధ్యలో ఒకే ఒక పెద్ద తెర. దాని మీద రేవు పటం, ఆ పటం మీద పాకుతున్న ఓడల చుక్కలు. పొద్దుటి మనిషి నౌఫల్ ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. చురుకైనవాడు, ఆ కంప్యూటర్‌ను నడిపించే లైనక్స్ గురించి ఇంటర్నెట్‌లో చదివి తనంతట తనే నేర్చుకున్నాడని మొంజి తెగ మురిసిపోయాడు. నేను లోపలికి అడుగుపెట్టేసరికి తెర మూల ఒక నల్లటి కిటికీలో గబగబా ఏదో కొడుతున్నాడు. నన్ను చూసి మూసేశాడు.

“ఏంటది తమ్ముడూ?”

“ఏం లేదక్కా, దిగిపోయే ముందు ఒకసారి అన్నీ చూసుకుంటా.”

అంత తొందరగా మూసేవాళ్లంటే నాకు పడదు. కానీ నా కళ్లు అప్పటికే ఇంకొకరి కోసం వెతుకుతున్నాయి. మొంజి ఇచ్చిన టీ తాగాను కదా, ఆయన అనుమానం కూడా దాంతోపాటే గొంతులోకి దిగింది.

లస్సాద్ వచ్చాడు. ఎత్తయిన మనిషి, నెత్తిన పాతబడ్డ ఎర్ర షెషియా టోపీ, మెళ్లో బరువైన దుర్భిణి. దాని పట్టీ రెండుచోట్ల తెగితే చేపల వల కుట్టే దారంతో కుట్టుకున్నట్టుంది. ఉద్యోగంలో చేరకముందు ఓడల మీద తిరిగినవాడట. నా సంచీని, నా ల్యాప్‌టాప్‌ను, చివరికి నా చెప్పుల్ని కూడా తీరిగ్గా చూశాడు.

“తీగ వెయ్యడానికి కత్తెర కూడా తెచ్చుకోలేదేం తల్లీ?”

“ఇప్పటి తీగలకి కత్తెరలు అక్కర్లేదు బాబాయ్.”

“అలాగా,” అని నవ్వాడు. ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

నేను మూల కూర్చుని నా ల్యాప్‌టాప్‌ను ఆ కంప్యూటర్‌కు తీగతో కలిపాను. వేరే యంత్రం ఎందుకంటే, తెర జబ్బును ఆ తెర మీదే కూర్చుని చూడలేం. కంప్యూటర్‌లో డిస్‌ప్లే సర్వర్ అని ఒక ప్రోగ్రామ్ ఉంటుంది. పటం, గడియారం, బాణం గుర్తు, ఏది కనపడాలన్నా దాన్నే అడగాలి, బొమ్మ గీసేది అదొక్కటే. మౌస్ కదిపినా, మీట నొక్కినా ముందు తెలిసేది దానికే. దాని జబ్బు తెలుసుకోవడానికి డీబగ్గర్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఉంది. అది వెళ్లి సర్వర్ మణికట్టు పట్టుకుంటుంది. ఆగమంటే ఆగాలి, ఎక్కడున్నావంటే చెప్పాలి, వదిలితేనే కదలాలి. సర్వర్ ఆగిందంటే దాని మీదున్న సమస్తం ఆగుతుంది, పట్టుకున్నవాడు టైపు చేస్తున్న కిటికీతో సహా. కొత్తలో ప్రతివాడూ ఒకసారి అలా తన చేతులు తనే కట్టేసుకుంటాడు. అందుకని పక్క యంత్రం మీంచి పట్టుకోవాలి.

లస్సాద్ కాసేపు తెర ముందు కూర్చున్నాడు. తర్వాత లేచి వరండాలోకి వెళ్లాడు. దుర్భిణి కళ్లకు పెట్టుకుని సముద్రం అంచుదాకా మెల్లగా వెతికాడు. అంతసేపు అలా నిలబడి ఏం చూస్తాడు మనిషి? తెర మీద అన్ని ఓడలూ పేర్లతో సహా కనబడుతూనే ఉన్నాయి కదా. నేను పని చేస్తున్నట్టు నటిస్తూ ఆయన్నే చూస్తున్నాను.

ఉన్నట్టుండి ఆయన టోపీ తీశాడు. దాన్ని గాల్లో ఊపాడు, ఒకసారి కాదు, పదే పదే. తర్వాత రెండు చేతులూ అడ్డంగా పెట్టి, ఆగమన్నట్టు ఏదో సైగ చేశాడు.

నేను తెర వైపు చూశాను. ఆయన చూస్తున్న దిక్కున ఒక్క చుక్క కూడా లేదు. తెర మీద లేనివాళ్లకు సైగలు చేస్తున్నాడన్నమాట. దొరికావు బాబాయ్, అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే తెర నల్లబడింది.

పక్క గదిలో కాచుకుని కూర్చున్నట్టున్నాడు, మొంజి ఒక్క ఉరుకున వచ్చిపడ్డాడు. “చూశావా? కళ్లారా చూశావా అమ్మా?” లస్సాద్ కూడా లోపలికి పరిగెత్తుకొచ్చి మౌస్ కదిపాడు, కదిపాడు, బల్లకేసి కొట్టాడు. తెర ఉలకలేదు.

“ఏం చేశావయ్యా దీన్ని?” అన్నాడు మొంజి.

“నేనేం చేస్తాను? నేను బయటున్నాను.”

“అదే అడుగుతున్నా! బయట ఎవరికి ఊపుతున్నావు టోపీ?”

“జాలరి హమ్మాదీకి. వల తాడు ఇంజను రెక్కకి చుట్టుకుంది, పడవ కొట్టుకుపోతోంది. లాగే పడవ పంపిస్తా, ఆగమన్నాను. ఉండు, ముందా పని చూడనీ.” లస్సాద్ మొంజిని భుజంతో పక్కకు తోసి రేడియో అందుకుని, లాగే పడవను పిలిచాడు. చెప్పాల్సిన చోటు తడబడకుండా చెప్పాడు.

“తెర మీద ఉందా హమ్మాదీ పడవ? నేను చూసినప్పుడెప్పుడూ లేదే!”

“అంత చిన్న చెక్కపడవ తెర మీదకి ఎలా వస్తుంది మొంజీ? ఇన్నేళ్లు ఇక్కడ కూర్చుని ఇంత కూడా తెలీదా నీకు? అందుకే కదా కళ్లున్నది.”

“ఆ కళ్లతో ఏమేం సాగనంపావో రేపు ట్యూనిస్ ఆయనకి చెప్పుకో.”

లస్సాద్ రేడియో కింద పెట్టాడు. నా వైపు తిరిగాడు. “తీగ వెయ్యడానికి రాలేదు కదూ నువ్వు?”

నా వేళ్లు పనిలో ఉన్నాయి. కంప్యూటర్ బతికే ఉంది, నా ల్యాప్‌టాప్‌కి చక్కగా బదులిస్తోంది. డిస్‌ప్లే సర్వర్ కూడా చావలేదు. కానీ కదలడం లేదు, ఎక్కడి అడుగు అక్కడే వేసుకుని నిలబడింది. సరే, నా డీబగ్గర్‌తో పట్టుకుని ఏమైందో అడుగుదామని మాట కొట్టాను.

కుదరదంది. ఇది ఇప్పటికే ఇంకొకరి చేతిలో ఉంది, అంది.

మళ్లీ చదివాను. ఒక ప్రోగ్రామ్‌ను ఒకసారికి ఒక్క డీబగ్గరే పట్టుకోగలదు. నాకంటే ముందే ఎవరో తెర పీక పట్టుకున్నారు. ఇది జబ్బు కాదు, మనిషి పని. తలెత్తి లస్సాద్ చేతులు చూశాను. మొద్దుబారిన వేళ్లు, గోళ్లలో తారు మరకలు. ఈయనకి ఇంత తెలుసా? తెలియనట్టు నటిస్తున్నాడా?

“ఎవరో కావాలనే ఆపారు,” అన్నాను.

మొంజి ఒక్కసారిగా వెలిగిపోయాడు. “నేను మొత్తుకోలేదూ? ఇది చాలు. ఇదే రాసివ్వు.”

“ఎవరు ఆపారో తెలియలేదింకా. గదిలో అందరూ కంప్యూటర్‌లోకి వెళ్లేది ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో.”

“ఇంకా ఎవరేంటి? ఎదురుగా నిలబడ్డాడు కదా!”

“సీ మొంజి, ఒక్క నిమిషం నోరు మూసుకుంటారా?”

ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆడవాళ్లు అలా అనడం ఆ గదికి అలవాటు లేనట్టుంది. నేను ఆ పట్టుకున్న డీబగ్గర్ ఎప్పుడు మొదలైందో చూశాను. రెండు గంటలకి కాస్త ముందు. అప్పటికి లస్సాద్ ఇంకా మెట్లెక్కలేదు. కుర్చీలో ఉన్నది నౌఫల్. ఆ మూల నల్లటి కిటికీ గుర్తొచ్చింది.

“నౌఫల్‌ను పిలవండి.”

నౌఫల్ కింద కొట్టు దగ్గరే ఉన్నాడు. సగం తిన్న ఫ్రికాసే రొట్టె చేతిలో పట్టుకుని, మూతికి హరీసా కారం అంటుకుని పైకొచ్చాడు. ఈలోగా నేను ఆ డీబగ్గర్ ఏ మూల దాక్కుందో కనుక్కుని, దాన్ని నా ల్యాప్‌టాప్ మీదకి తెచ్చుకున్నాను. అందులో నాలుగే నాలుగు వరుసలు. తెరను చీకటి చెయ్యమని ఎవరైనా చెబితే, సర్వర్ ఆ పని చెయ్యగానే దాన్ని ఆపు. ఎవరు చెప్పారో అడుగు. రాసి పెట్టుకో. అంతే. కింద గుర్తు ఒకటి మినుకుమినుకుమంటూ, ఇప్పుడేం చెయ్యమంటారని ఎదురుచూస్తోంది.

“ఇది నువ్వు పెట్టిందేనా తమ్ముడూ?”

నౌఫల్ మొంజి మొహం చూశాడు. మొంజి కిటికీలోంచి సముద్రం చూశాడు.

“నేనే పెట్టమన్నాను,” అన్నాడు చివరికి మొంజి. “తప్పేముంది? పడవ వెళ్లిపోయిన మర్నాటి నుంచీ పెడుతున్నాడు. తెరను చీకటి చేస్తున్నది ఎవరో తెలియాలంటే ఉచ్చు పెట్టాలి కదా.”

“ఏ పూట పెడుతున్నారు?”

“మధ్యాహ్నం పూటే. మిగతావాళ్ల మీద నాకు అనుమానం లేదు కదమ్మా!”

ఆ మాట ఆయన ఎంత అమాయకంగా అన్నాడంటే నాకు నవ్వూ వచ్చింది, చెంప పగలగొడదామన్నంత కోపమూ వచ్చింది.

“నౌఫల్, ఆపమన్నావు, అడగమన్నావు, రాసుకోమన్నావు. బాగుంది. ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఏముందక్కా? రాసుకుంటుంది, అంతే.”

“రాసుకున్నాక వదలమని చెప్పావా?”

నౌఫల్ నమలడం ఆపేశాడు. వంగి నా తెర మీది వరుసల్ని పెదాలు కదుపుతూ చదివాడు. వాడి మొహంలో రంగులు మారడం నేను చూశాను. “దానంతట అదే వదిలేస్తుందనుకున్నా...” అని నీళ్లు నమిలాడు.

“వదలదు. నువ్వు పట్టుకోమన్నావు కాబట్టి పట్టుకుని కూర్చుంటుంది. ప్రపంచం మునిగినా సరే. తెర చచ్చిందని ఎవరో ఒకరు కంప్యూటర్ ఆపి వేస్తే అదీ, అది రాసుకున్నదీ పోతాయి. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ పెడతావు. సీ మొంజి, వింటున్నారా? తెర లస్సాద్ బాబాయ్ పూటలోనే చస్తోందంటే, మీరు ఆ పూటలోనే దాని పీక పిసుకుతున్నారు కాబట్టి.”

“మరి చీకటి చెయ్యమన్నదెవరు? అది చెప్పు! ఎవరో ఒకరు చెబితేనే కదా ఉచ్చు పడేది?” మొంజి ఒంటికాలి మీద లేచాడు.

ఉచ్చు రాసి పెట్టుకున్నది పైనుంచి కిందదాకా చదివాను. “ఎవరూ చెప్పలేదు. గడియారం చెప్పింది. పది నిమిషాలు మౌస్ ఎవరూ ముట్టుకోకపోతే తెర తనంతట తనే చీకటవుతుంది. ఈమధ్య ఈ కంప్యూటర్‌లో అన్నీ కొత్తగా ఎక్కించారా?”

“వేసవిలో పిడుగు పడి పోతే...” అన్నాడు నౌఫల్.

“అప్పుడొచ్చింది ఈ ఏర్పాటు. తీసెయ్యడం మీరు మర్చిపోయారు. మీరందరూ కుర్చీలోంచి లేవరు, మౌస్ వదలరు, కాబట్టి మీకు చీకటి పడలేదు. లేచి వెళ్లి సముద్రం చూసేది ఈయనొక్కడే.”

ఇక మాటలెందుకని, వదలమని చెప్పే ఆ ఒక్క మాట కొట్టాను. కంటిన్యూ. మీట నొక్కాను.

తెర మామూలుగా నల్లబడింది కాబట్టి ఇప్పుడిక మౌస్ ముట్టుకుంటే చాలు. “బాబాయ్, కదపండి.”

లస్సాద్ కదపలేదు. తన మీద ఇంకేదో పడుతుందన్నట్టు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. చివరికి నేనే లేచి కదిపాను. పటం వెలిగింది, చుక్కలు ఒక్క గెంతులో తమతమ చోట్లకి చేరాయి. రేడియోలో లాగే పడవ వాడు, హమ్మాదీ దొరికాడు, తాడు కట్టాం, అని అరిచాడు.

“ఇన్నాళ్లూ...” అన్నాడు లస్సాద్. “ఇన్నాళ్లూ నేను ఇంటికెళ్లి, నా చేతుల్లో ఏముందా అని చూసుకున్నాను మొంజీ. నేను ముట్టుకుంటేనే ఎందుకు చస్తోందా అని. నా భార్య సాంబ్రాణి వేసింది. నువ్వు పక్క గదిలో కూర్చుని లెక్క చూసుకున్నావా?”

మొంజి టీ తెప్పించాడు. క్షమించమని మాత్రం అనలేదు. గుమ్మం దాకా నన్ను సాగనంపుతూ చెవిలో, “అదంతా సరేనమ్మా. అయినా అంతసేపు బయట ఏం చూస్తుంటాడంటావు?” అన్నాడు. నేను మెట్లు దిగిపోయాను.

ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను. విచారణాధికారి చదివి, చలవ గదిలో చేపల భోజనం చేసి వెళ్లిపోయాడట. లస్సాద్ ఉద్యోగం లస్సాద్‌కి మిగిలింది.

చలికాలంలో నిజంగానే తీగ వెయ్యడానికి మళ్లీ రాస్ ముర్జాన్ వెళ్లాను, కత్తెరతో సహా. మొంజి చేతులు చాపి ఎదురొచ్చాడు. “ఇప్పుడు చూడు మా లస్సాద్‌ని! కుర్చీలోంచి కదలడు. బంగారం లాంటి మనిషి!”

లోపల లస్సాద్ తెర ముందు బిగుసుకుని కూర్చున్నాడు. వరండా తలుపు గడియ పెట్టి ఉంది. దుర్భిణి గోడ మేకుకి వేలాడుతోంది, అద్దాల మీద దుమ్ము. ఆయన కుడిచెయ్యి మౌస్ మీద ఉంది. ఊరికే కాస్త అటు, కాస్త ఇటు జరుపుతూనే ఉన్నాడు.

“బాబాయ్, ఆ చీకటి ఏర్పాటు అప్పుడే పీకేశాను కదా. ముట్టుకోకపోయినా తెర వెలుగుతూనే ఉంటుంది.”

“తెలుసు తల్లీ. వెనకనుంచి చూసేవాళ్లకి చెయ్యి కదులుతూ కనబడాలి కదా.”

నేను అద్దాల వైపు తిరిగాను. అలల మీద ఏదో నల్లగా లేచి పడుతోంది. చెక్కపడవ. దాని మీద ఎవరో తెల్లటి గుడ్డ ఊపుతున్నట్టుంది.

“బాబాయ్, అక్కడెవరో చొక్కా ఊపుతున్నారు!”

ఆయన మెడ సగం తిరిగింది. తిరిగిన మెడ మళ్లీ వెనక్కి వెళ్లిపోయింది. “తెర మీద ఉందా?”

“లేదు.”

“అయితే మొంజితో చెప్పు. ఆయన లేచి చూడమంటే చూస్తాను.”

నాకు కడుపు మండిపోయింది. మొంజి మీదో, ఈయన మీదో, ఆ రోజు ఈయన వేళ్లు చూసిన నా కళ్ల మీదో తెలియదు. మేకు మీది దుర్భిణి లాగి, దుమ్ము చున్నీతో తుడిచి, కళ్లకు పెట్టుకున్నాను. నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు, అంతా మసక, అంతా ఊగుతోంది.

“ఆ చక్రం అటు కాదమ్మా, ఇటు తిప్పు,” అన్నాడు వెనకనుంచి. “ఇంకా. మోచేతులు అద్దానికి ఆన్చు. ఊపిరి బిగబట్టు.”

బిగబట్టాను. పడవ కనబడింది.

“ఎంతమంది?”

“ఇద్దరు. ఒకడు నీళ్లు తోడుతున్నాడు.”

రేడియో తీసిన చప్పుడు వినబడి వెనక్కి తిరిగాను. లస్సాద్ ఎడంచేత్తో రేడియో పట్టుకుని లాగే పడవను పిలుస్తున్నాడు. కళ్లు తెర మీదే ఉన్నాయి. కుడిచెయ్యి మౌస్‌ను అటూ ఇటూ జరుపుతూనే ఉంది.